అయిదో గ్లాసు ఎక్కడ పడుకుంది

జుల్మా డెవోస్ ఒక్క గుక్క తాగి, ఆ బీరు సీసా ఏ గదిలో పడుకుందో, ఏ పక్కకు ఒత్తిగిల్లిందో, నిద్రలో ఏం కల కన్నదో చెప్పగలదు.

కల సంగతి నేను కలిపాను. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు అబద్ధం పాపమని నేర్పారు గాని, నిజం పైన కాస్త నురుగు నిలబెట్టడం పాపమో కాదో ఏ సిస్టరూ తేల్చి చెప్పలేదు. ఒత్తిగిల్లడం కూడా అనుమానమే. మా సింట్ గోమార్ మఠం సీసాలు గుర్రాల్లాగా నిలబడే నిద్రపోతాయి. గది సంగతి మాత్రం నిజం. అది జరిగినప్పుడు నేను ఆమెకు మూడడుగుల దూరంలో ఉన్నాను.

మా ఊరి నాలుగు దారుల కూడలిలో, బీరుకి చేదునిచ్చే హాప్ పూల తోటలు మొదలయ్యే చోట, 'గుడ్డి గుర్రం' అని ఒక కఫే ఉంది. అది జుల్మాది. అంతకు ముందు వాళ్లమ్మది. ఇప్పుడు నేను చెప్పబోయేది జరిగేనాటికి ఆమెకు డెబ్భై ఒకటి. పొట్టి మనిషి, ముంజేతులు మాత్రం రొట్టెలు చేసేవాడివి. మాటలు తక్కువ. ఆ తక్కువలో సగం తిట్లు.

ఆమె దగ్గర కొన్ని పట్టింపులున్నాయి. ప్రతి బీరుకూ దాని గ్లాసు దానికే. మఠం నల్లబీరుకి కాడ ఉన్న వెడల్పాటి గ్లాసు, పూజలో ఫాదర్ ఎత్తే పాత్రలాంటిది. దాన్ని చన్నీళ్లతో కడగాలి, గుడ్డతో తుడవకూడదు. ఒకసారి ఆ గ్లాసు దొరక్క వేరే గ్లాసులో పోయమన్న పెళ్లికొడుకుని, పెళ్లి బట్టల్లోనే, ఆ రకం గ్లాసు ఒకటి ఖాళీ అయ్యేదాకా అరగంట నిలబెట్టింది. పెళ్లికూతురు కూడా ఆమె పక్షమే.

పోయడం మరో సంగతి. సీసాని కదపకుండా ఎత్తి, నెమ్మదిగా వంచి, అడుగున ఒక వేలెడు మిగిలేదాకా ఒకే ధారగా పోస్తుంది. ఆ వేలెడులో మడ్డి ఉంటుంది. సీసాలో పడ్డాక కూడా బీరుని పులియబెడుతూ, పని అయ్యాక అడుగున పడుకునే ఈస్టు అది. దాన్ని ఆమె ఒక చిన్న గ్లాసులోకి వేరుగా వంపి పక్కన పెడుతుంది. కొందరు దాన్ని చివర్లో తాగుతారు. కొందరు ముట్టరు.

మఠంలో కొత్తగా బీరు కాచి దింపిన ప్రతిసారీ, దాన్ని మేం కాపు అంటాం, మొదటి పెట్టె గుడ్డి గుర్రానికే వచ్చేది. ఆదివారం పూజ అయ్యాక మేమందరం అక్కడ చేరేవాళ్లం. బల్లల మీద జున్ను ముక్కలు, ఆవాల ముద్ద. అందరి ముందూ నిండు గ్లాసులు. ఎవరూ ముట్టుకోరు. జుల్మా నిలబడి తన గ్లాసు ఎత్తుతుంది. మొదట వెలుతురుకి పట్టి చూస్తుంది. పాత వాల్‌నట్ కర్ర బీరువా రంగులో, అంచున కొంచెం ఎరుపు. తరవాత ముక్కు. తరవాత ఒక గుక్క. ఆ గుక్కలో ముందు ఎండు ఖర్జూరం, తరవాత రొట్టె పెచ్చు, ఆ వెనక కాస్త మాడనిచ్చిన చక్కెర పాకం, అన్నీ అయిపోయాయనుకున్నాక మిరియంలాంటి వెచ్చదనం గొంతులోంచి చెవులదాకా ఎక్కాలి. ఎక్కిందంటే ఆమె ఒకే మాట అంటుంది. "అదే."

అప్పుడు మేం తాగేవాళ్లం. నలభై ఏళ్లు అలాగే జరిగింది. ఎవరో పెట్టిన నియమం కాదు. ఆమె అనకముందు తాగితే రుచి ఉండదని మాకు తోచేది, అంతే.

ఆ ఏడు చలికాలంలో జుల్మాకి జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది. మూడు వారాలు కాఫీ వేడినీళ్లలాగే ఉందట. వంటింట్లో ఉల్లిపాయలు బొగ్గయిపోతుంటే ఆమెకు తెలియలేదు. వీధిలో పోతున్న నేను పొగ చూసి లోపలికి పరిగెత్తాను.

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావంటే, ఓమర్, నీ గ్లాసు పగలగొడతాను" అంది.

నా గ్లాసు అక్కడ ముప్పై ఏళ్లుగా ఒకే అరలో ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు.

ముక్కు కొంచెం కొంచెంగా తిరిగి వచ్చిందని ఆమె అనుకుంది. అనుకుంది గాని నమ్మకం లేదు. పొద్దున్నే సబ్బుబిళ్ల వాసన చూసుకోవడం, సాయంత్రం మళ్లీ చూసుకోవడం నేను కనిపెడుతూనే ఉన్నాను. అలాంటి సమయంలో, ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలం మూడో ఆదివారం నాడు, కొత్త కాపు వచ్చింది.

జుల్మా ఎత్తింది, చూసింది, తాగింది. మేం ఎదురుచూస్తున్నాం. రెండో గుక్క తాగింది. అదెప్పుడూ చేయలేదు. చిన్న గ్లాసులో మడ్డి కూడా తాగింది. తరవాత గ్లాసు బల్ల మీద పెట్టి, "కాదు" అంది.

"ఏం కాదు అత్తా?" అన్నాడు కసాయి ఫిర్మిన్.

"ఇది మనది కాదు."

"మఠం నుంచి మఠం బండిలో వచ్చింది. మనది కాకపోతే పోపుగారిదా?"

"నువ్వు మాంసం కొట్టుకో, ఫిర్మిన్. నోరు దానికి అవసరం లేదు."

ఫిర్మిన్ అందరి ముందూ గ్లాసెత్తి గటగటా తాగాడు. మీసాలు తుడుచుకున్నాడు. "బాగానే ఉంది. ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. అత్తా, ఇంట్లో మా అమ్మ కూడా ఈమధ్య ఉప్పు వేసిందో లేదో మర్చిపోతోంది. వయసు. అందులో సిగ్గేముంది?"

ఎవరో నవ్వారు. నేను కూడా ఒక గుక్క తాగి చూశాను. నాకూ తేడా తెలియలేదు. నలభై ఏళ్లు హాప్ పూలు ఆరబెట్టే బట్టీలో పనిచేసినవాడి నాలుక మీద దుమ్ము తప్ప ఏముంటుంది? తల వంచుకుని జున్ను తిన్నాను. జుల్మా అది చూసింది. అందరి గ్లాసులూ తీసేసి, మిగిలిన పెట్టెని మఠానికి తిప్పి పంపడానికి తనే మోసుకెళ్లి వాకిట్లో పెట్టింది.

మర్నాడే మఠం నుంచి కాలేవార్ట్ వచ్చాడు. అతను సన్యాసి కాడు. బీరు పనులు చూడడానికి మఠంవాళ్లు కొత్తగా పెట్టుకున్న ఇంజనీరు. గెంట్ నగరంలో చదివాడు. మర్యాదస్తుడే. సంకలో కాగితాల కట్ట.

"మేడమ్, సీసాలు పడుకునే వెచ్చటి గదిలో మొన్న జనవరిలో వేడి కొలిచే కొత్త మీటరు పెట్టాం. రోజుకి ఆరుసార్లు లెక్క రాసుకుంటుంది. మూడు వారాలూ ఇరవై నాలుగు డిగ్రీలు. ఒక్క గీత కూడా తప్పలేదు. చూడండి."

"కాగితం తాగను" అంది జుల్మా.

"మీరు పెట్టె తిప్పి పంపారని చుట్టుపక్కల కఫేలన్నిటికీ తెలిసిపోయింది. వాళ్లూ వద్దంటున్నారు. మఠం పేరు అది. తప్పు ఏమిటో చెప్పండి, సరిచేస్తాను. చెప్పలేకపోతే..." అతను ఆగాడు. "ఈ చలికాలం మీకు జ్వరం వచ్చిందని విన్నాను."

జుల్మా నావైపు చూసింది. నేను నా గ్లాసున్న అర వైపు చూశాను. జ్వరం సంగతి ఊరందరికీ తెలుసు, ముక్కు సంగతి కాదు. అయినా ఆ చూపుకి నా చెవులు కాలిపోయాయి.

ఆమె మేకుకి తగిలించిన కఫే తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. "రేపు నేనే మఠానికి వస్తాను. మీకు నచ్చినట్టు పోయండి. నేను పొరబడితే ఈ తాళంచెవి మఠాధిపతి చేతిలో పెట్టి ఇంటికి పోతాను. నా ముక్కు పోయాక గుడ్డి గుర్రం తెరిచి ఉండి ఎవరికి?"

మంగళవారం నా బండిలో ఇద్దరం బయలుదేరాం. ఆమె ఒళ్లో గడ్డి పరిచిన బుట్ట. దారి సగమయింది.

"ఓమర్."

"ఊఁ."

"ఇవాళ కాఫీ వాసన సగమే తెలిసింది."

"మరి వెనక్కి తిప్పనా?"

"తిప్పావంటే దిగి నడిచి పోతాను."

ఆడవాళ్లు మఠం లోపలికి వెళ్లకూడదు కాబట్టి ద్వారం పక్కన అతిథుల గదిలో ఏర్పాటు చేశారు. మఠాధిపతి ఫాదర్ వుల్ఫ్రామ్ కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, నిద్రపోతున్నట్టు కనిపిస్తాడు, నిద్రపోడు. గోడవార బ్రదర్ లివినస్ నిలబడ్డాడు. సీసాలు పడుకునే వెచ్చటి గదిని ముప్పై ఏళ్లుగా చూసేది ఆయనే. గుండ్రటి బట్టతల, ఎప్పుడూ నేల మీదే చూపు. అనుమతి లేనిదే నోరు విప్పడు; ఆయన గొంతు ఎలా ఉంటుందో మా ఊళ్లో ఎవరూ వినలేదు. సాక్షిగా వచ్చానని చెప్పి ఫిర్మిన్ కూడా కిటికీ దగ్గర చేరాడు.

బల్ల మీద కాలేవార్ట్ అయిదు ప్లాస్టిక్ కప్పులు పెట్టాడు, గీతలు గీసి కొలతలున్నవి.

జుల్మా వాటిని చూసింది. "ఇవి ఎవరి మూత్రపరీక్షకి?"

మఠాధిపతి దగ్గాడు. ఆ దగ్గు నవ్వని నేను ఒట్టేసి చెప్పగలను.

ఆమె బుట్టలోంచి అయిదు గ్లాసులు తీసింది. చన్నీళ్లు అడిగింది. ఒక్కొక్కటీ కడిగి బోర్లించి నీరు కారనిచ్చింది. అంతసేపూ అందరం నిలబడ్డాం. బ్రదర్ లివినస్ తెచ్చిన అయిదు సీసాలు తెర వెనక పెట్టి కాలేవార్ట్ పోశాడు. బాగానే పోశాడు, ధార తెగలేదు.

"మేడమ్, వీటిలో కొన్ని పోయిన అక్టోబరు కాపువి. కొన్ని కొత్తవి. ఏవి ఏవో చెప్పండి చాలు."

మొదటి గ్లాసు. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండోది. మూడోది. ఆ మూడో గ్లాసుని ఆమె రెండుసార్లు వాసన చూసింది. సబ్బుబిళ్ల గుర్తొచ్చింది నాకు. కాన్వెంటు వదిలాక మళ్లీ ఎప్పుడూ చదవని ప్రార్థన ఒకటి నోట్లోకి వచ్చింది. సగంలో మర్చిపోయాను. నాలుగోది కూడా అయింది. మొహం గోడలాగే ఉంది.

అయిదో గ్లాసు తాగి ఆమె కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

"నిద్రొచ్చిందా అత్తా?" అన్నాడు ఫిర్మిన్.

"మడ్డి కావాలి" అంది కళ్లు తెరవకుండానే. "అయిదింటిదీ."

"మడ్డి పరీక్షలో లేదు" అన్నాడు కాలేవార్ట్. "మేం తేటనే చూస్తాం. మడ్డి ఎవరు చూస్తారు?"

"అతిథి వెళ్లిపోయాక ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో తెలియాలంటే వంటింట్లోకి వెళ్లాలి, నాయనా. తేట అంతా అతిథుల ముందు మాట్లాడే మాట."

మఠాధిపతి తల ఊపాడు. అయిదు చిన్న గ్లాసుల్లో మడ్డి వచ్చింది. ఆమె వరసగా నాలిక చివరతో తాకింది. తరవాత ముక్కు చీదుకుంది. తరవాత మొదలుపెట్టింది. ఆమె అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి, అదే చివరిసారి.

"అక్టోబరుది వీటిలో ఒక్కటీ లేదు. అయిదూ ఒకే కాపు. మొదటి నాలుగు జ్వరంలో పడుకున్నాయి. ఒళ్లు కాలిపోతుంటే వాటిలో ఈస్టు పని గబగబా ముగించుకుని, చేయడానికింకేం లేక తన్ను తానే తింది. మడ్డిలో మాంసం పులుసు రుచి ఉంది. అదుండకూడదు. అయిదోది వేరే. అది చల్లటి చోట నెమ్మదిగా పడుకుంది. ఖర్జూరం ఉంది, పెచ్చు ఉంది, పాకం ఉంది. చెవుల్లోకి కూడా ఎక్కింది. అయిదోది మనది."

కాలేవార్ట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అతని మొహంలో ఆశ్చర్యం ఉంది, జాలి కూడా ఉంది. ఆ జాలి నాకు నచ్చలేదు.

"అక్టోబరుది లేదన్నది నిజం, మేడమ్. కావాలనే అలా చెప్పాను."

"అబద్ధం అన్నమాట" అన్నాడు మఠాధిపతి.

"పరీక్ష, ఫాదర్. అది ఆమె పట్టేసింది. మెచ్చుకుంటున్నాను. కానీ అయిదోది వేరే అనడం మాత్రం తప్పు. అయిదూ ఒకే రోజు నింపినవి. ఒకే గదిలో, ఒకే వేడిలో, ఒకే మూడు వారాలు ఉన్నవి. తేడా ఉండడానికి వీల్లేదు. క్షమించండి."

జుల్మా ఇంకోసారి అయిదో గ్లాసు తాగింది. "వేరే" అంది, కాని గొంతు తగ్గింది. చెయ్యి జేబులోకి వెళ్లింది. తాళంచెవి చప్పుడయింది.

అప్పుడు గోడవార ఎవరో చెయ్యి ఎత్తారు, బళ్లో పిల్లవాడిలాగా. బ్రదర్ లివినస్.

మఠాధిపతి ఆయన్ని చూసి, "మాట్లాడు" అన్నాడు.

ఆయన గొంతు సన్నగా, తుప్పు పట్టిన కీలులాగా ఉంది. "అయిదో సీసా తలుపు దగ్గరిది, ఫాదర్."

"ఏ తలుపు?"

"వెచ్చటి గది తలుపు. అది సరిగా మూసుకోదు. చలిగాలి వస్తుంది. అక్కడ ఒక పెట్టె పెట్టాను. మిగతా నాలుగు గది మధ్యలోవి."

"ఎందుకు పెట్టావు?"

"గది కాలిపోతోంది, ఫాదర్. నా తల మీద చెమట ముప్పై ఏళ్లుగా ఎప్పుడు పడుతుందో నాకు తెలుసు. ఈసారి అంతకన్నా ముందే పట్టేది."

"మీటరు ఇరవై నాలుగు చూపిస్తోంది" అన్నాడు కాలేవార్ట్.

"చూపిస్తోంది" అని ఒప్పుకున్నాడు బ్రదర్ లివినస్.

మఠాధిపతి మెల్లగా అడిగాడు. "ఇన్నాళ్లూ ఈ సంగతి నువ్వు చెప్పలేదేం, బ్రదర్?"

"ఎవరూ అడగలేదు, ఫాదర్. చదువుకున్నాయన పెట్టిన యంత్రం తప్పు, నా బట్టతల ఒప్పు అనడం గర్వం కదా. గర్వం పోవాలని రోజూ ప్రార్థన చేశాను."

"పోయిందా?"

"లేదు, ఫాదర్. పెట్టె తలుపు దగ్గర పెట్టాలనిపించింది. మీటరు ముట్టుకోవద్దన్నారు. తలుపు గురించి ఏమీ అనలేదు."

"మరి అయిదో సీసా అక్కణ్ణించి ఎందుకు తెచ్చావు?"

బ్రదర్ నేల చూశాడు. "అయిదు తెమ్మన్నారు. నాలుగు తీసుకున్నాక దారిలో తలుపు వచ్చింది."

మఠాధిపతి లేచాడు. జున్ను చేసే గదిలోని పాత గాజు థర్మామీటరు పట్టుకుని తనే వెచ్చటి గదికి వెళ్లాడు. పావుగంటకి తిరిగొచ్చాడు. నుదుటి మీద చెమట. థర్మామీటరు బల్ల మీద పెట్టాడు. ఇరవై తొమ్మిది దాటి ఉంది, గది దాటి వచ్చాక కూడా.

కాలేవార్ట్ దాన్ని వంగి చూశాడు. మర్యాదస్తుడని ముందే చెప్పాను. అయిదో గ్లాసులో మిగిలినది తన ప్లాస్టిక్ కప్పులో పోసుకోబోయాడు.

"ఆగు" అంది జుల్మా. తన గ్లాసు ఒకటి కడిగి అతని చేతికిచ్చింది. "ఇప్పుడు పోసుకో."

ఆ క్షణాన మఠం గంటలన్నీ మోగాయి. మధ్యాహ్నం ప్రార్థనకి రోజూ మోగేవేనని ఫిర్మిన్ అంటాడు. ఉండొచ్చు. కానీ ఆ రోజు మోగినట్టు నేను మళ్లీ వినలేదు.

బయటికి వచ్చాక జుల్మా బండి ఎక్కలేదు. వాకిట్లో నిలబడి గాలి పీల్చింది. "పేడ" అంది. "తడిసిన హాప్ పందిరి కర్రలు. వాళ్ల వంటింట్లో వెన్నలో లేత హాప్ మొలకలు వేస్తున్నారు, ఉప్పు ఎక్కువయింది." తరవాత నావైపు తిరిగింది. "నీ కోటు. బట్టీ పొగ, నిన్నటి హెర్రింగ్ చేప. ఇంకోటి కూడా ఉంది, కాన్వెంటులో చదివావు కాబట్టి చెప్పను. ఎన్నాళ్లయింది ఉతికి?"

నా జన్మలో అంత సంతోషంగా ఎవరి తిట్లూ తినలేదు.

ఆ తరవాత జ్వరపు కాపు ఒక్క సీసా కూడా మఠం ద్వారం దాటలేదు. కొంత మఠంలో చేసే జున్ను పైపొరని కడగడానికి పోయింది. మిగతాది కుందేలు కూరలోకి పోయింది, ఈస్టర్ నాడు ఊరందరికీ మఠంవాళ్లే వడ్డించారు. ఫిర్మిన్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. మీటరు బదులు వెచ్చటి గదిలో జున్ను గది థర్మామీటరు వేలాడుతోంది. దాని పక్కన, మఠాధిపతి ఆజ్ఞ ప్రకారం, వారానికి ఒకసారి కాలేవార్ట్ నిలబడి బ్రదర్ లివినస్‌ని పెద్ద గొంతుతో అడుగుతాడు: "బ్రదర్, తల మీద చెమట పట్టిందా?" ఆయన అవుననో కాదనో అంటాడు. అడిగితే చెప్పడం గర్వం కాదు.

తరవాతి కాపు మొదటి పెట్టెని కాలేవార్ట్ తనే మోసుకొచ్చాడు. ఆదివారం పూజ అయింది. గ్లాసులన్నీ నిండాయి. కూడలిలో నిలబడ్డవాళ్లు లోపలున్నవాళ్లకన్నా ఎక్కువ. మూడు ఊళ్ల కఫేలవాళ్లు వచ్చారు. జుల్మా గ్లాసెత్తింది. వెలుతురుకి పట్టింది. ముక్కు. గుక్క.

ఫిర్మిన్ గ్లాసు ముట్టుకోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అదే" అంది.

ఆ తరవాత లేచిన గోల పదకొండు మైళ్లు వినపడింది. సరే, నాలుగు మైళ్లు.

ఇది రాసి మొన్న గుడ్డి గుర్రంలో కూర్చుని జుల్మాకి మొదటినుంచీ చదివి వినిపించాను. ఆమె అంతసేపూ గ్లాసులు కడుగుతూ ఉంది. నేను ముగించాక నా సీసా తీసి, కదపకుండా వంచి, ఒకే ధారగా పోసింది. వేలెడు మిగిలాక ఆపింది.

"ఇందులో ఒక్క ముక్క జరగలేదు" అంది.

"జుల్మా, నేనక్కడే ఉన్నాను కదా."

"నువ్వు బండిలో నిద్రపోయావు. నాకు ఆ రోజు పడిశం. ఒక్క వాసనా తెలియలేదు. అయిదోది చేతికి దగ్గరగా ఉందని అదే అన్నాను."

"మరి తాళంచెవి?"

"ఏ తాళంచెవి? ఈ తలుపుకి ఏనాడూ తాళమే లేదు" అని, మడ్డిని చిన్న గ్లాసులోకి వంపి నా ముందు పెట్టింది.